ఒకే నీళ్ళలో

నూకరత్నం ఎడమచేతిని మోచేతిదాకా నీళ్ళలో ముంచి అడ్డంగా పెట్టింది. కుడిచేత్తో సన్నటి గాజుగొట్టాన్ని అద్దం వారగా అడుగుకి దించింది. ఏంజెల్ చేపలు ఎనిమిదీ ఎడమచేతి చుట్టూ మూగి వేళ్ళసందుల్లో పొడవసాగాయి. వాటికి ఆ చెయ్యి తెలుసు. అది వస్తే తిండి వస్తుందని తెలుసు. అవి అటు ఆడుతుండగానే ఇటు గొట్టం చివరనుంచి ఎర్రపురుగుల ముద్ద జారి మట్టిమూకుడు పక్కన పడింది.

మూలన నిలబడ్డ డిస్కస్ చేపల్లో ఒకటి మెల్లగా కదిలింది. పళ్ళెంలాంటి ఒళ్ళు, ఒకప్పుడు ఎర్రమట్టి రంగు మీద నీలిగీతలు. ఇప్పుడు గీతలు పోయి బొగ్గురంగు మిగిలింది. అది ముద్ద దగ్గరికొచ్చి ఒక పురుగుని నోట్లోకి తీసుకుంది, ఊదేసింది, మళ్ళీ తీసుకుంది. డిస్కస్ తినే తీరే అంత, తొందర దాని పుట్టుకలో లేదు. రెండో పురుగు కోసం వంగేలోపు, రెక్క చిరిగిన ఏంజెల్ ఒకటి చేతికిందనుంచి దూరి ముద్ద మొత్తం ఎత్తుకుపోయింది.

గోడమీది పలక తనంతట తాను రాసుకుంది: జలగది రెండు. నలభై ఒకటో రోజు. ఉష్ణం 28.0. మేత అందింది. సజీవ సంఖ్య 14. సహజీవనం నిలకడ.

నూకరత్నం చెయ్యి తుడుచుకుంటూ 'మేత అందింది' అన్న మాట దగ్గర ఆగింది. నీళ్ళలో పడిన మేత బరువెంత, ఇరవై నిమిషాల తర్వాత మిగిలిన బరువెంత, పలకల్ని నడిపే యంత్రం, సమవర్తి, చూసేది ఆ రెండే. ఎవరు తిన్నారన్నది దానికి పట్టదు.

భీమిలి ఒడ్డునున్న నీడవాడలో పొద్దున్న తొమ్మిదికే పైకప్పు మీద నలభై నాలుగు డిగ్రీలు. కప్పు కింద పన్నెండు వేల ఇళ్ళు, ఒక ఆస్పత్రి, రెండు బళ్ళు, చివర సముద్రం వైపుకి ఈ రక్షణాలయం. అందరికీ చలువని పంచేది సమవర్తే. రోజూ సాయంత్రం ఆరింటికి మర్నాటి పంపకం ప్రతి పలకమీదా కనబడుతుంది. ఎవరి వంతుకొచ్చిన చలువపాలు ఎంతో చూసుకుని ఇళ్ళలో వంటలూ నిద్రలూ సర్దుకుంటారు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క సాయంత్రం కూడా అది ఆలస్యం కాలేదు, ఒకరిని ఎక్కువా ఒకరిని తక్కువా చూడలేదు. పేరు పెట్టినవాళ్ళు ఆ సమత్వాన్ని తలుచుకునే పెట్టి ఉంటారు. అది యముడికి కూడా పేరేనని వాళ్ళకి తెలుసో లేదో.

నూకరత్నం ఇక్కడ చేరి ఇరవై మూడేళ్ళు. ఆమె తాత సముద్రంలో చేపలు పట్టేవాడు. ఆమె చేతికొచ్చేసరికి పట్టడానికి ఏమీ లేదు, మిగిలినవాటిని కాపాడటమే ఉంది. ఈ రెండు జాతులూ పుట్టిన నది ఎక్కడో ప్రపంచానికి అటుపక్క ఎండిపోయింది. ఆ నదిలో ఇవి ఒకే నీళ్ళలో ఉండేవట, కాని ఆ నీళ్ళు మైళ్ళకొద్దీ ఉండేవి. ఒకరికొకరు గిట్టనప్పుడు ఎవరి తావుకి వాళ్ళు పోయేవారు. ఇక్కడ ఆరువందల లీటర్లు.

నలభై ఒక్క రోజుల కిందటిదాకా గది ఒకటి డిస్కస్‌ది, గది రెండు ఏంజెల్‌ది. డిస్కస్‌కి ముప్పై డిగ్రీల నీళ్ళు కావాలి, ఏంజెల్‌కి ఇరవై ఆరు. వేసవి ముదిరి ఆస్పత్రికి చలువ చాలనప్పుడు సమవర్తి గది ఒకటిని మూసేసి, రెండు జాతుల్నీ రెండో గదిలో జోడించమని ఉత్తర్వు ఇచ్చింది. ముప్పైనీ ఇరవై ఆరునీ కలిపి రెండుతో భాగించింది. ఇరవై ఎనిమిది. ఇద్దరూ బతుకుతారు.

బతుకుతారన్నది అబద్ధం కాదు. అందుకే నూకరత్నం దాంతో వాదించలేకపోయింది. మూడు విన్నపాలు పంపింది. ఏంజెల్ కడుపులో వాటికి హాని చెయ్యని క్రిమి ఉంటుందనీ, అది డిస్కస్‌ని లోపల్నుంచి తినేస్తుందనీ మొదటిదాంట్లో రాసింది. తన ఇంటి చలువపాలులో సగం గదికి ఇచ్చుకుంటానని రెండోదాంట్లో రాసింది. మూడోదాంట్లో కనీసం మధ్య వల కట్టుకోనిమ్మని అడిగింది. మొదటి రెండిటికీ 'పరిగణించబడింది' అని వచ్చింది. మూడోదానికి అనుమతి వచ్చింది. వల కట్టింది. చోటు సగమై నీళ్ళు త్వరగా చెడ్డాయి, ఏంజెల్ రెక్కలు వలలో చిరిగాయి, క్రిమి వలలోంచి హాయిగా దాటింది. పన్నెండో రోజున ఒక డిస్కస్ చచ్చిపోయింది. పలక 'వృద్ధాప్యం' అని రాసుకుంది.

ఆ తర్వాత ఆమె వల తీసేసింది. రోజూ మూడుపూటలా ఇలా చెయ్యి అడ్డం పెడుతోంది.

జోగినాయుడు పనిసంచీతో లోపలికొచ్చాడు. రక్షణాలయం గొట్టాలూ మీటలూ చూసేది ఆయనే. వయసులో పెద్దవాడు, నూకరత్నానికి వరసకి బాబాయి కాకపోయినా అలాగే పిలుస్తుంది.

"ఇయ్యాలన్నా తిన్నాయేటి?"

"ఒకటి తిన్నాది బాబాయ్. ఒక్క పురుగు."

ఆయన వంగి అద్దంలోంచి చూశాడు. డిస్కస్ గుడ్లు పెట్టుకునేందుకు మట్టిమూకుడు బోర్లించి ఉంది. దాని పక్కగోడ మీద చిన్న మచ్చ వణుకుతోంది. మచ్చ కాదు, మొన్న గుడ్లలోంచి వచ్చిన పిల్లలు, తోకలు తప్ప ఏమీ కనబడనివి, ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. తండ్రి చేప వాటికి ఎదురుగా నిలబడి రెక్కలతో నీళ్ళు విసురుతోంది. తల్లి చేప నుదురు తిండి లేక కత్తిలా పలచబడింది.

ఇది మూడో కాన్పు. మొదటిసారి గుడ్లుండగానే పోయాయి. రెండోసారి పిల్లలు ఈదడం మొదలెట్టిన అరగంటలో ఏంజెల్ చేపలు ఒక్కటీ మిగల్చలేదు. తల్లి నుదురు చూస్తే నాలుగోసారి ఉండదని నూకరత్నానికి తెలుసు. మిగతా నాలుగు డిస్కస్‌లూ ముసలివి, జంట కట్టవు.

"పిల్లల్ని తీసి వేరే గిన్నెలో ఎయ్యలేమా?" అని జోగినాయుడు అడిగాడు. ఆయనకి జవాబు తెలిసే అడిగాడు. డిస్కస్ పిల్లలు గిన్నెలో బతకవు. వాటి మొదటి తిండి తల్లిదండ్రుల ఒంటిమీద ఊరే జిగురు. రెండు వారాలపాటు అవి ఆ ఒళ్ళనే మేస్తాయి. వాటినీ పెద్దవాటినీ విడదీయడం కుదరదు.

"పోనీ ఏంజెల్ సేపల్ని తిండికి పిలిసినట్టు పిలిసి ఇటేపు ఉంచేద్దామా?"

"ఎంతసేపు ఉంచుతాం బాబాయ్."

ఆయన నడుం ఎత్తాడు. ఉష్ణం మీటని అలవాటుగా ఒకసారి తట్టాడు. మీట ఆయన చేతిలో ఉన్నా దాని తాళం ఆయన చేతిలో లేదు.

పదింటికి సమన్వయాధికారి శర్వాణి వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. నీడవాడల మధ్య సొరంగంలో గంటసేపు ప్రయాణం చేసి వచ్చినట్టు మొహం వాడిపోయి ఉంది. నీళ్ళు తాగి, పలక చూసి, చేతిలోని పత్రం బల్లమీద పెట్టింది. జలగది రెండులో సహజీవనం సఫలమైందని సంరక్షకురాలు ఒప్పుకుంటూ వేలిముద్ర వెయ్యాలి. అది పడితే తీరమంతటా ఇంకో పంతొమ్మిది రక్షణాలయాల్లో జోడింపు ఉత్తర్వులు రేపే వెళ్తాయి. కొచ్చిలో కొండవాగు చేపలు, పారాదీప్‌లో కప్పలు, ఇంకా ఏవేవో.

నూకరత్నం అద్దం వైపు చూపించి, అది సఫలంలా కనబడుతోందా అని అడిగింది. శర్వాణి చూసింది. నల్లబడ్డ చేపల్నీ, మూలనీ, కత్తిలాంటి నుదుటినీ చూసింది. ఆమె కళ్ళున్న మనిషే. కానీ కళ్ళతో చూసినదాన్ని రాసే గడి పత్రంలో లేదు.

"నూకరత్నం గారూ, మీ మొదటి గది చలువ ఎక్కడికెళ్తోందో మీకు తెలుసు కదా. ప్రసూతి విభాగానికి. నెలలు నిండని పిల్లలు పదకొండుమంది ఉన్నారక్కడ. మీరు కాదంటే ఆ చలువ వెనక్కి తెమ్మన్నట్టు."

"నానలా అన్లేదమ్మా."

"మీరు అన్నారని కాదు. అది అలాగే లెక్క కడుతుంది."

చేపల కోసం పసిపిల్లల చలువ అడిగే మనిషి నూకరత్నం కాదు. అలాగని ఆ పత్రం మీద వేలు పెట్టే మనిషీ కాదు. గడువు కోసం, సాయంత్రం పంపకం లోపల వేస్తానని చెప్పింది. శర్వాణి సరేనని, పైగదిలో ఉంటానని వెళ్ళిపోయింది.

పదకొండున్నరకి పిల్లలు మూకుడు వదిలాయి.

ముందు ఒకటి, తర్వాత నాలుగైదు, తర్వాత ఒక్కసారిగా మబ్బులా లేచాయి. ఎనభై దాకా ఉంటాయి. నీళ్ళలో అటూ ఇటూ తూలి, దారి తెలియక తిరిగి, చివరికి తండ్రి చేప డొక్క మీదికి చేరాయి. ఆ బొగ్గురంగు ఒంటిమీద దుమ్ము వాలినట్టు వాలి మేయసాగాయి. తండ్రి కదలకుండా నిలబడింది. నలభై ఒక్క రోజుల్లో ఆ చేప అంత నిమ్మళంగా నిలబడటం నూకరత్నం ఇదే చూడటం.

ఏంజెల్ చేపలు కూడా చూశాయి.

ఆమె రెండు చేతులూ నీళ్ళలో దించింది. తల్లి చేప ఒక పక్కన కాపు కాసింది, ఆమె ఇంకో పక్కన. ఏంజెల్ ఒకటి పైనుంచి వచ్చి రెండు పిల్లల్ని తీసుకుపోయింది. ఆమె పైకి చెయ్యి మార్చేసరికి కిందనుంచి ఇంకోటి వచ్చింది. వాటిలో కోపం లేదు, పగ లేదు. తిండి కనబడింది, తింటున్నాయి. మధ్యమధ్యలో వచ్చి ఆమె వేళ్ళని ప్రేమగా పొడిచి పోతున్నాయి. ఈ ఆట కొత్తగా ఉందనుకున్నాయో ఏమో.

ఒంటిగంటదాకా అలా నిలబడింది. భుజాలు లాగేశాయి. వేళ్ళు ముడతలు పడ్డాయి. జోగినాయుడు ఆమెని జరగమని కాసేపు తను చేతులు పెట్టాడు. ఆయన చేతులు పెద్దవి, కానీ చేపలకి పరిచయం లేనివి. తల్లి చేప బెదిరి పక్కకి పోయింది, ఆ సందులో పది పిల్లలు పోయాయి. నూకరత్నం మళ్ళీ తనే దించింది. రెండు గంటలయ్యేసరికి తండ్రి ఒంటిమీద నలభై మిగిలాయి.

ఆ నలభై కూడా చీకటిపడేలోపు అయిపోతాయి. ఆమె చేతులు తీసిన క్షణం అయిపోతాయి. అది ఆమెకి లెక్క కట్టకుండానే తెలిసింది.

ఆమె చేతులు నీళ్ళలోంచి తియ్యకుండానే, ఏంజెల్‌ని తీసి ఎక్కడైనా పెట్టే దారి కోసం ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. బయట తొట్టిలో పెడితే ఉడికిపోతాయి. ఇంటికి తీసుకెళ్తే గుమ్మం దగ్గరే సమవర్తి పసిగట్టి ఆ ఇంటి చలువ ఆపేస్తుంది. ఇళ్ళ చలువపాలు మనుషులకే. గది ఒకటి సీలు మీద ఉంది. బాల్టీలో గాలిగొట్టం పెట్టి ఎన్నాళ్ళు? రెండురోజులు. ఆ తర్వాత మళ్ళీ ఇదే గది, ఇవే నీళ్ళు.

నూకరత్నం ఏంజెల్ చేపలకి దూరపు మూలన పిడికెడు మేత వేసి, అల్మరా తెరిచి లవంగనూనె సీసా తీసింది.

అది ఎందుకుందో జోగినాయుడికి తెలుసు. మరి లేవలేని చేపని బాధ లేకుండా పంపడానికి వాడతారు. ఆయన సీసా వైపూ ఆమె వైపూ చూశాడు.

"రత్నం. అయ్యి బాగున్నాయమ్మా. రోగం లేదు, ఏటీ లేదు."

"బాగున్నాయి బాబాయ్. అయ్యే బాగున్నాయి."

"మళ్ళీ ఇంకెక్కడా లేవు గదా."

"లేవు."

ఆయన తలుపు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. పొమ్మంటే పోయేవాడు, ఆమె అనలేదు.

ట్యాంకు నీళ్ళే బాల్టీలో పోసి, నూనె చుక్కలు వేసి, చేత్తో బాగా కలిపింది. గదంతా పళ్ళు నొప్పెట్టిన ఇంటి వాసన వేసింది. వల అక్కర్లేకపోయింది. ఎడమచేతిని నీళ్ళలో పెట్టగానే అవి వచ్చాయి. ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకుని బాల్టీలోకి దించింది. ఇరవై మూడేళ్ళుగా వాటి తాతముత్తాతల దగ్గర్నుంచీ ఆ చేతిలో తిన్నవి. డిస్కస్‌లు ఏనాడూ ఆమె చేతిదాకా రాలేదు. ఆమెని చూసి గుర్తుపట్టినట్టు కూడా ఎన్నడూ అనిపించలేదు. తను పంపేస్తున్నవి తనని ఎరిగినవి అన్న సంగతి ఆరోదాన్ని తీస్తుండగా ఆమెకి తట్టింది. చెయ్యి ఆగింది. తండ్రి చేప వైపు చూసి, మళ్ళీ కదిలించింది.

బాల్టీలో అవి మొదట మామూలుగానే తిరిగాయి. కాసేపటికి పక్కకి ఒరిగాయి. మొప్పలు నిదానించాయి. మరిన్ని చుక్కలు వేసి, వేళ్ళతో నీళ్ళు కలుపుతూ, అన్నిటి మొప్పలూ ఆగిపోయాక కూడా అరగంట కూర్చుంది. ఒక్కదానికైనా ప్రాణం ఉండగా లేవకూడదనుకుంది. ఏడుపు రాలేదు. బాల్టీ అంచు పట్టుకుని లేచింది.

పలకమీద అంకె మారింది. సజీవ సంఖ్య 6. నష్టం 8. కారణం ఎంచుకోండి. కింద నాలుగు గడులు: వ్యాధి, వృద్ధాప్యం, పరికర లోపం, తెలియదు.

జోగినాయుడు గబగబా వచ్చాడు. "పరికర లోపమని నొక్కీ. గాలిగొట్టం నానే సరిగ్గా బిగించలేదని సెప్తాను. నాకింక రెండేళ్ళే సర్వీసు, నన్నేటి సేస్తారు."

"నీ పేరెందుకు బాబాయ్."

"మరయితే తెలీదని నొక్కు. అదీ గడే గదా."

ఆమె నాలుగు గడుల్నీ వదిలేసి కిందున్న వివరాల గీత మీద రాసింది. నేను చంపాను. రెండిటినీ బతికించలేక ఒకదాన్ని ఎంచుకున్నాను. కింద వేలిముద్ర వేసింది.

మామూలుగా కన్నుమూసి తెరిచేలోపు జవాబొస్తుంది. ఈసారి రాలేదు. ఐదు నిమిషాలు గడిచాయి. చివరికి అక్షరాలు కనబడ్డాయి. ఈ కారణం నమూనాలో లేదు. జోడింపు ఉత్తర్వులు పంతొమ్మిది నిలిపివేయబడ్డాయి. ఎంపికకు ప్రమాణం తెలపండి.

జోగినాయుడు గట్టిగా ఊపిరి వదిలాడు. పంతొమ్మిది చోట్ల ఆగిపోయాయంటే మంచిదేనా అని అడిగాడు. నూకరత్నం ప్రమాణం అన్న మాటనే చూస్తోంది. తను ఏం రాస్తే అది రేపు చట్టమవుతుంది. పిల్లలున్నవాటిని ఉంచానని రాస్తే, పిల్లల్లేనివాళ్ళ చలువపాలు పోతుంది. బలహీనమైనవాటిని ఉంచానని రాస్తే బలంగా ఉండటం తప్పవుతుంది. అది అబద్ధం కూడా. బలంగా ఉన్నాయని చంపలేదు. తండ్రి చేప కదలకుండా నిలబడటం చూసి దాని పిల్లల్ని వదిలెయ్యలేకపోయింది, అంతే. దాన్ని ఏ మాటల్లో పెట్టాలి?

ఆరయింది. పంపకం రాలేదు.

బయట వసారాల్లో తలుపులు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. జనం పలకల ముందుకొచ్చి నిలబడుతున్నారు. ఒకళ్ళనొకళ్ళు మీ ఇంట్లో వచ్చిందా అని అడుగుతున్నారు. శర్వాణి పైగదినుంచి మెట్లు దిగి వచ్చింది. బాల్టీని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ప్రతి కార్యాలయంనుంచీ తనకి ఫోన్లు వస్తున్నాయనీ, నూకరత్నం రాసేదాకా అది రేపటి పాళ్ళు పంచనంటోందనీ చెప్పింది.

"ఏదో ఒకటి రాయండి. మిమ్మల్ని తప్పుపట్టే ఓపిక కూడా నాకు లేదు. అర్ధరాత్రికి పాత పంపకం అయిపోతుంది. తర్వాత ఎవరికీ చలువ ఉండదు."

నూకరత్నం పలక ముందు కూర్చుంది. చాలాసేపు ఆలోచించి రాసింది. ప్రమాణం లేదు. అక్కడున్న మనిషి చూసి చెప్పాలి.

అది చదివినట్టు ఒక చుక్క వెలిగింది. స్వీకరించబడింది అని వచ్చింది. శర్వాణి కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుంది. ఇక పంపకం వస్తుందని ముగ్గురూ ఎదురుచూశారు.

పంపకం రాలేదు, ప్రశ్న వచ్చింది.

రేపటి చలువ తక్కువ పడుతోంది. జలగది రెండుకీ ప్రసూతి విభాగానికీ కలిపి ఒక పాలు మాత్రమే ఉంది. సమంగా పంచితే ఇరువురికీ చాలదు. అక్కడున్న మనిషి: గరికిన నూకరత్నం. చూసి చెప్పండి.

ఈసారి గడులు లేవు. గీత ఒక్కటే ఖాళీగా ఉంది.

జోగినాయుడు పలకని రెండుసార్లు చదివి, తప్పుగా చదివానేమో అన్నట్టు శర్వాణి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. జవాబు అందరికీ తెలిసిందే, ఏ మనిషీ రెండో మాట చెప్పడు, రాసెయ్యమని నెమ్మదిగా చెప్పింది. తన చెయ్యి మాత్రం పలకకి దూరంగా పెట్టుకుంది.

నూకరత్నం అద్దం వైపు తిరిగింది. తల్లి చేప తండ్రి పక్కకి వచ్చి ఒళ్ళు ఆనించింది. పిల్లలు ఒక ఒంటిమీదనుంచి ఇంకో ఒంటిమీదికి మారుతున్నాయి. ముప్పై ఎనిమిది లెక్క తేలాయి. వాటి కోసం ఎనిమిదింటిని చంపి మూడు గంటలు కాలేదు.

తడి చేతులు చీరకి తుడుచుకుని లేచింది. ఇరవై మూడేళ్ళలో ఆమె ఎప్పుడూ ఆస్పత్రి వైపు వెళ్ళలేదు. అవసరం పడలేదు.

"ప్రసూతి విభాగం ఎటేపు బాబాయ్?"

"ఎందుకమ్మా?"

"సూసి సెప్పమంది గదా. సూడకుండా ఎలా సెప్తాను?"

జోగినాయుడు పనిసంచీ కింద పెట్టి ముందు నడిచాడు. వసారాల పొడవునా జనం వాళ్ళకి దారి ఇస్తూ, ఎవరీమె, ఎక్కడికి పోతోందని అడుగుతూ నిలబడ్డారు.